హుసేనమ్మ తేనెపెట్టె

పీరప్ప తేనెపెట్టెలో దూది పుట్టింది.

మొదట చూసినప్పుడు మురిసిపోయినాడు. మురవడా మరి, ఊహ తెలిసిన నాటి నుంచి దూది ఏకిన చేతులాయె. తేనెపట్టు మీద తెల్లగా, మెత్తగా, తాను ఏకిన దూది కన్నా సన్నంగా పరుచుకుని ఉంది. చలికాలం వస్తోందని ఈగలు పరుపు కుట్టుకుంటున్నాయి కాబోలు అనుకున్నాడు. మూత మెల్లగా వేసేసినాడు. వాటి నిద్ర చెడుతుందని, దగ్గొస్తే గుట్ట దిగి దగ్గి, మళ్లీ ఎక్కి వచ్చేవాడు.

ఆ పెట్టె అతని పెళ్లాం హుసేనమ్మది. ఆమె పోయినాక పీరప్ప ఏకే విల్లు అటకెక్కించి, ఇంటికి తాళం వేసి, తేనెపెట్టె నెత్తిన పెట్టుకుని గుట్ట మీది దర్గాకు వచ్చి, దాన్ని చూసుకునే మౌలప్ప తాతకు శిష్యుడైనాడు. ఆ గుట్ట ఎంత ఎత్తంటే, గాలి కూడా సగం దారిలో ఒకసారి కూర్చుని లేస్తుంది.

తాత అతనికొక గది ఇచ్చినాడు. అందులో ఒక చాప, గోడకు ఇంటి నుంచి తెచ్చుకున్న హుసేనమ్మ క్యాలెండరు. ఆమె పోయిన నెల దగ్గరే ఆ క్యాలెండరు ఆగిపోయింది. పీరప్ప ఆ కాగితం చింపలేదు, ఇంకొకరిని చింపనివ్వలేదు.

దర్గా పంక్తిలో అందరూ తిని లేచినాక వచ్చి, రాయిలాగా చల్లారిన సంగటి మింగి పోయేవాడు. మనుషులతో మాట అంతంతే. పెట్టెతో మాత్రం మాట్లాడేవాడు. దర్గాకున్న తేనెపెట్టెలు ముందు వాకిట్లో ఉంటే, తనది గది వెనక, ఎవరి చెయ్యీ పడని చోట పెట్టుకున్నాడు. పొద్దునా మాపూ దానికి చెవి ఆనించేవాడు. లోపలి నుంచి వచ్చే ఆ గుయ్యిమనే సద్దు అతనికి ఇంట్లో మనిషి అలికిడి.

ఒక పొద్దున చెవి ఆనిస్తే సద్దు లేదు.

మూత తీసినాడు. దూదిలోంచి లావుపాటి పురుగొకటి తల బయటపెట్టి, ఈ ఇంటికి నువ్వెవరివి అన్నట్టు చూసింది. పట్టంతా పురుగులు తొలిచి, ఆ దూదితోనే గూళ్లు అల్లి పెట్టినాయి. ఒక మూలన మాత్రం గుప్పెడు ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి.

వేపపుల్లతో పురుగును తీసినాడు. ఒకటి తీస్తే వెనకాల దాని చుట్టాలు పక్కాలు పెళ్లికి వచ్చినట్టు వచ్చినాయి. ఎండ నెత్తికెక్కినాక పుల్ల పారేసి తాత దగ్గరికి పోయినాడు. పిలవకుండా పోవడం అదే మొదలు.

"తాతా, మైనం పురుగు నా పెట్టెను తినేసింది."

తాత కళ్లకు ఎదుటి మనిషి మీసం కనబడదు గానీ, ఈగ కాలి మీది నూగు కనబడుతుంది. వచ్చి వంగి చూసినాడు.

"రాణి లేదురా. పోయి శానా దినాలైంది. ఈగలు తగ్గినాయి. ఈగ వాలని పట్టులోకే పురుగొస్తాది."

"ఏం చెయ్యల్ల?"

"ఉన్నవాటిని దర్గా పెట్టెలో కలుపుదాం."

పీరప్ప పెట్టెకు అడ్డం నిలబడినాడు. "వద్దు తాతా. కలిపితే ఇంక ఇవి హుసేనమ్మవి కావు."

"సరే, నీ ఇష్టం" అని తాత వెళ్లిపోయి, దర్గా గడప మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం గుట్ట మీద కాకి కూడా అరవలేదు. పీరప్ప పెట్టె పక్కనే కూర్చున్నాడు. ఒక్కొక్క ఈగే రాలుతోంది. రాలినప్పుడల్లా అరచేతిలోకి తీసుకుని ఊదేవాడు. అది లేచేది కాదు.

పొద్దు వాలినాక వచ్చి తాత ముందు నిలబడినాడు.

"కలుపు తాతా. తెచ్చి దాంట్లో పోసేదా?"

"పోస్తే చంపుకుంటాయి. దాని వాసన వేరు, దీని వాసన వేరు. నడుమ ఒక కాగితం ఉండల్ల. అది కొరికేలోగా వాసనలు కలుస్తాయి."

తాత లేచి, నేరుగా పీరప్ప గదిలోకి పోయి, గోడ మీది క్యాలెండరు కాగితాన్ని చర్రున చింపినాడు. పీరప్ప చెయ్యి లేచింది. లేచింది లేచినట్టే గాలిలో నిలిచిపోయింది.

"సూది ఉందా?"

పరుపులు కుట్టే సూది ఎప్పుడూ అతని టోపీలోనే ఉంటుంది. తీసిచ్చినాడు. తాత తీసుకోలేదు. కాగితమే అతని చేతికిచ్చినాడు.

"నువ్వే చిల్లులు పొడువు. వాసన దూరేటంత సన్నంగా."

పొడుచుకుంటూ పోయినాడు. ఒక తేదీ మీద సూది ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, ఆ సందులో ఇంకో ఏడాది గడిచిపోయిందేమో. తాత తొందరపెట్టలేదు.

చివరికి సూది దిగింది.

దర్గా పెట్టె మూత తీసి కాగితం పరిచినారు. దాని మీద అడుగు లేని ఖాళీ పెట్టె ఎక్కించి, పురుగు పట్టని పట్టుముక్కతో పాటు గుప్పెడు ఈగల్ని అందులో దించి మూత వేసినారు. దూది పట్టిన పట్టునంతా పీరప్ప పొయ్యిలో వేసినాడు. భగ్గున మండింది. దర్గా వాకిలంతా తేనె వాసన.

మర్నాడంతా అక్కడే కూర్చున్నాడు. లోపలి నుంచి కొట్లాట వినబడుతుందేమోనని చెవి ఒగ్గినాడు. ఆ పై పొద్దున చూస్తే, పెట్టె వాకిట్లో నలుసులు నలుసులుగా కాగితం పొట్టు, అచ్చం ఏకిన దూదిలాగా. ఈగలు ఇంకా మోసుకొచ్చి పారేస్తున్నాయి. ఒక నలుసు మీద సగం అంకె ఉంది. ఏ అంకెనో చదివేలోగా గాలికి పోయింది.

మూత ఎత్తి చూసినాడు. కాగితం అంచులు మాత్రమే మిగిలినాయి. నడుమంతా ఈగలే, గుయ్యిమంటున్నాయి. ఎంత వెతికినా తనవి గుర్తు తెలియలేదు.

"తాతా, మావి ఏవి?"

తాత చూడను కూడా చూడలేదు.

"కాగితం కొరికినవన్నీ నీవే."

ఆ మధ్యాహ్నం సంగటి ఇంకా పొగలు కక్కుతుండగానే వంటసాల గడపలో పీరప్ప నీడ పడింది. వంట చేసే మాబున్ని తలెత్తి చూసింది. ఆమె నోరు గుట్ట కిందికి వినబడే నోరు. ఆ పూట మాత్రం, ఎందుకొచ్చినావని అడగలేదు. పంక్తి చివర కూర్చున్నవాణ్ణి మోకాలితో కొంచెం తోసింది.

"జరగండప్పా. ఇంకొక మనిషి."