చెట్టు తమ్ముడిది, కాపు అక్కది

మా ప్లీడరు గవర్రాజు గారిని జూనియర్లు ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన పుస్తకం తెరవరు, పొడుం డబ్బా తెరుస్తారు. జవాబు ఆ పూటే రావచ్చు, ఆర్నెల్లకీ రావచ్చు. ఆయన గుమాస్తాగా నాకిది అలవాటే గాని, చోడవరం కోర్టుకి కొత్తగా వచ్చిన జూనియర్ హైమవతికి తెలియదు. ఓ పాత దస్తావేజు చదివి వినిపిస్తూ మధ్యలో ఆపేసింది.

"'కాపు మాత్రమే అనుభవించవలెను. చెట్టుపై గాని, నేలపై గాని ఎట్టి హక్కు లేదు.' ఇన్ని ఆంక్షలు పెట్టి ఇచ్చింది కూడా ఒక హక్కేనా సార్? ఇవ్వననడానికి మొహమాటపడి ఇచ్చినట్టుంది."

ఆయన పొడుం పీల్చి, "ఆ కాగితం తాలూకు మనుషులే వస్తున్నారు, కూర్చో," అన్నారు.

వచ్చినవాళ్లు అక్కాతమ్ముళ్లు. తండ్రి పోతూ పొలాన్నీ, గట్టు మీది పెద్ద చింతచెట్టునీ కొడుకు గంగునాయుడికి రాసి, ఆ చెట్టు కాపు మాత్రం కూతురు సన్యాసమ్మకి బతికున్నంతకాలం రాశాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆవిడ ఏటా ఆ కాయ దులిపి, గింజ తీసి, పండు అమ్ముకుని బతుకుతోంది. ఇప్పుడు తమ్ముడికి చెట్టు కొట్టించి అక్కడ ఎరువుల షాపు కట్టాలని బుద్ధి పుట్టింది. మనిషి చెడ్డవాడు కాడు, తొందరెక్కువ.

"సెట్టు నాది కాదేటండి? ఆ కాయితంలోనే ఉంది," అన్నాడు దర్జాగా.

సన్యాసమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "నాకు సెట్టొద్దు బాబూ, నేలొద్దు. మా అయ్య రాసిందానికన్నా ఎక్కువ నానడగను. ఆ కాయ కూడా నేకపోతే ఏటి తిని బతకాల?"

గవర్రాజు గారు తలూపారు. "చెట్టు నీదే నాయుడూ, అనుమానం లేదు. రేపే కొట్టించుకో. కాకపోతే వచ్చే ఏడు మీ అక్క కాపు ఏ కొమ్మకి కాస్తుందో, అదొక్కటి నాకు చెప్పి మరీ కొట్టించుకో."

గంగునాయుడు ఓసారి అక్క వంక చూశాడు. చివరికి, "షాపు గట్టుకి ఇవతల కట్టుకుంతాన్లెండి," అంటూ లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "రాయే అప్పా, బస్సెళిపోద్ది," అన్నాడు. ఆ పిలుపు విన్నాక నాకు ప్రాణం కుదుటపడింది.

మళ్లీ ఎండాకాలానికి అతనే సంచెడు చింతచిగురు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముఖం నిండా నవ్వు. "మా అప్ప కాయంతా దులుపుకుంది గానండి, సిగురు ముట్టనంటే ముట్టదు. కాయితంలో నేదంట! మా ఇంటిదే కోసి ఆళ్లింటికి ఒట్టుకెళ్తంది."

అతను వెళ్లాక హైమవతి నిట్టూర్చింది. "చూశారా సార్, 'కాపు మాత్రమే' అన్న ఆ ఒక్క ఆంక్ష ఆవిడ చేతిని ఆకు దగ్గర ఆపేసింది."

గవర్రాజు గారు పొడుం డబ్బా తెరిచారు.

"మరి అతని గొడ్డల్ని ఆపింది ఏదమ్మా?"