పళ్ళచక్రానికి ఏ గ్రీజు?

"టెలిస్కోపు చక్రాలకు ఏ గ్రీజు మంచిది మాస్టారూ?" అని అడిగింది వంతాల సునంద.

పాడేరు కొండల మీద ఆడపిల్లల బడిలో ఆమె సైన్సు టీచరు. రెండేళ్ళు కష్టపడి సొంతంగా ఒక టెలిస్కోపు కట్టింది. గొట్టం, అద్దం బాగానే కుదిరాయి. దాన్ని మోసి తిప్పే పీఠమే మొరాయించింది. అందులో ఒక ఇత్తడి పళ్ళచక్రం, దాని పళ్ళలో ఇమిడి తిరుగుతూ దాన్ని నడిపే స్క్రూలాంటి ఇత్తడి మర ఉన్నాయి. మొన్న పొద్దుగూకాక నలభై మంది పిల్లలు వరుసలో నిలబడితే, మర పట్టేసి, అంతలోనే జారి, శనిగ్రహం ఒక్కరికీ నిలిచి కనబడలేదు. చిక్కటి గ్రీజు చలికి గడ్డకట్టింది. పల్చటిది కారిపోయింది. ఖరీదైనది తెప్పించినా అంతే. పిల్లలు "పర్లేదు టీచర్" అనడమే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది.

అనకాపల్లిలో లేతు షెడ్డు నడిపే గవరయ్య మాస్టారి దగ్గరే ఆమె ఈ పని నేర్చుకుంది. అడిగినదానికి వెంటనే బదులివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఆమె మోసుకొచ్చిన పీఠం విప్పి, చక్రాన్నీ మరనూ కిరసనాయిలుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించి ఆమె ముందు పెట్టారు.

"కళ్ళు మూసుకుని తిప్పమ్మా."

చుక్క నూనె లేని మరను సునంద నెమ్మదిగా తిప్పింది. ప్రతి చుట్టులోనూ ఒకేచోట వేళ్ళకు సన్నగా తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే మర అంచున వెంట్రుకంత ఇత్తడి పొర లేచి ఉంది. ఇన్నాళ్ళూ గ్రీజు కింద అది కనబడనే లేదు. తల తిప్పేసరికి మాస్టారు అప్పటికే సన్న ఆకురాయి ఆమె చేతి పక్కన పెట్టి ఉంచారు.

రెండు రోజులు ఆమె అరగదీస్తూ, తిప్పి చూస్తూ కూర్చుంది. ఆయన ఒక్కసారీ చెయ్యి పెట్టలేదు. మూడోరోజు మర ఎక్కడా తగలకుండా తిరిగింది. అప్పుడాయన చలికి బిగుసుకోని మెత్తటి గ్రీజు వేలికొసన తీసి రాసి, రాసినదాంట్లో ముప్పాతిక తుడిచేశారు.

ఆ శుక్రవారం నలభై మందీ శని వలయాన్ని తనివితీరా చూశారు. కొందరు మళ్ళీ వచ్చి వరుసలో నిలబడ్డారు.

ఆ కబురు చెప్పడానికి వచ్చిన సునంద, "అయితే నేను ముందు కొన్న మూడు గ్రీజులూ పనికిరానివేనా మాస్టారూ?" అంది.

గవరయ్యగారు లేతు ఆపారు.

"వాటి తప్పేముందమ్మా? మర చెయ్యాల్సిన పని వాటికి చెప్పావు."