గుల్లదిబ్బ ఎత్తుచేతులమ్మ

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట, మడ అడవి నడుమ, గుల్లదిబ్బ అనే చిన్న మెరక ఉంది. అక్కడ వెలసిన తల్లి పేరు ఎత్తుచేతులమ్మ. గుల్లపాలెం రేవు నుంచి గంటసేపు పడవ ప్రయాణం. సముద్రం పోటు మీద ఉంటేనే పడవ గుడి మెట్లదాకా వెళ్తుంది. ఆటులో బయలుదేరితే బురదలో కూరుకుపోతుంది. పోటు రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక, నిన్న వెళ్లొచ్చినవారు చెప్పిన వేళకు ఆ యాభై నిమిషాలు కలుపుకుంటే భక్తులకు ఇబ్బంది ఉండదు.

గర్భగుడిలో అమ్మది నిలువెత్తు నల్లరాతి విగ్రహం. కత్తి లేదు, శూలం లేదు, అభయహస్తమూ కాదు. రెండు చేతులూ తలపైకి ఎత్తి ఉంటాయి. ఇది ఏ అమ్మవారి రూపమో అర్థంకాక తొలిసారి వచ్చినవారు తికమకపడుతుంటారు. ఈ లంకల్లో ఎంత లోతు తవ్వినా ఒండ్రే తప్ప గులకరాయి కూడా దొరకదు. మరి ఇంత రాయి ఎక్కడి నుంచి వచ్చిందన్నది రెండో తికమక.

పూర్వం ఇక్కడ గుడి లేదు, దారీ లేదు. మేలిమి బట్టల కోసం యవనదేశపు ఓడలు ఈ తీరానికి వచ్చే రోజులవి. అలాంటి ఓడ ఒకటి ఇసుకమేటకు తగిలి, పగిలి నిలిచిపోయింది. నావికులు చిన్న పడవలో మడ అడవిలోకి కొట్టుకొచ్చారు. చెట్ల వేళ్లకు తగిలి ఆ పడవా చీలిపోగా ఈ దిబ్బ మీద చిక్కుకున్నారు. వారిలో నికాను అనే యువకుడు ఒక్కడే సాయం కోసం ఈదుకుంటూ వెళ్లి గుల్లపాలెం ఒడ్డున పడ్డాడు. ఇదివరకు ఓడల మీద వచ్చి ఉన్నందున అతనికి రేవు మాటలు వచ్చు.

పాలెంలో మగవాళ్లంతా వేటకు సముద్రం మీదికి పోయారు. మోకాళ్ల నొప్పులతో ఒడ్డున వలలు బాగుచేసుకునే నాగడూ, అతని మేనకోడలు రేవీ ఎదురయ్యారు. పాయల్లో ఆల్చిప్పలు ఏరి సున్నపు బట్టీలకు మోయడం రేవి పని. నికాను తనవాళ్ల సంగతి వాళ్లకు చెప్పాడు.

"అమావాస్య పోటుకి ఆ దిబ్బ మునిగిపోద్ది అబ్బాయ్. ఎల్లుండే అమావాస్య" అన్నాడు నాగడు.

 ఏం చేయాలో తనకు తెలుసుననే నికాను అనుకున్నాడు. అతని దేశంలో ఇలాంటి కథలు చాలా ఉన్నాయి. దారి తెలియని రాతి గుహలోకి వెళ్లే వీరుడికి ఒక కన్య దారపు ఉండ ఇస్తుంది. నిప్పులు కక్కే ఎడ్లను కాడికి కట్టాల్సిన మరో వీరుడికి ఇంకొక కన్య ఒంటికి రాసుకునే మందు ఇస్తుంది. వీరుడు ఒంటరిగా వెళ్లి గెలుస్తాడు. అందుకని అతడు రేవిని వలతాడు ఉండ ఒకటి అడిగాడు.

"నేను రానా?" అంది రేవి.

"వద్దు. తాడు చాలు."

"ఎల్లు మరి. నీ ఇష్టం" అంటూ తాడు ఇచ్చింది.

ఆటులో సన్నబడిన పాయలో ఈదుతూ, చేతికందిన వేరుకల్లా ముడి వేస్తూ అతడు లోపలికి సాగాడు. అతని దేశపు సముద్రంలో ఆటుపోట్లు దాదాపు లేవు, నీరు ఉన్నచోటే ఉంటుంది. లోతు రేవుల్లో ఓడ మీద ఉన్నన్నాళ్లూ ఇక్కడి నీటి సంగతి అతడు పట్టించుకోలేదు. కాసేపటికి చెట్లు పొట్టివైపోవడం మొదలైంది. వేళ్లున్న చోట కొమ్మలు కనిపించాయి, కొమ్మలున్న చోట ఆకులు. వెనుదిరిగి తాడు కోసం తడిమితే నీరే తగిలింది. వేళ్లకు పట్టిన ఆల్చిప్పల అంచులకు తెగి తాడు ఎటో పోయింది. ఏ నదీదేవత దాన్ని మింగిందో, తానేం తప్పు చేశాడో అతనికి తెలియలేదు. ఒక కొమ్మను కరుచుకుని ఉండిపోయాడు.

రేవి తాటిదోనె మీద వచ్చింది.

"ముడులన్నీ నీళ్ల కింద ఏశావు. చేపలకి దారి చూపించావా?"

"ఈ నీరంతా ఎవరు తెచ్చారు?"

"ఎవరు తేవడమేంటి? పోయింది, వచ్చింది."

"ఎక్కడికి పోయింది?"

అతనికి మతి ఉందో లేదోనని రేవి తేరిపార చూసింది. తరువాత చెట్టు బోదెకు అంటుకున్న ఆల్చిప్పల గీతను చూపించింది. రోజూ పోటు అంతవరకూ వస్తుందనీ, అమావాస్యకు ఇంకో మూర పైకి లేస్తుందనీ చెప్పింది. దోనెలో ఇద్దరికే చోటు, ఆటులోనేమో బురద మనిషిని మింగేస్తుంది కనుక అతని వాళ్లు పోటులోనే, తాడు పట్టుకుని ఈదుకుంటూ రావాలి. తాడు నీటికి పైన ఉండాలి.

మర్నాడంతా ఇద్దరూ దోనె మీద నిలబడి, చేతులెత్తి, గీతకు చాలా పైన ముడులు వేశారు. పని మధ్యలో నికాను తన దేశపు కథలు చెప్పాడు.

"ఆ దారం ఇచ్చినమ్మాయి ఏమైంది?" అని అడిగింది రేవి.

"వెంట తీసుకెళ్లాడు. దారిలో ఒక దీవిలో, నిద్రపోతుండగా వదిలేశాడు."

"మందు ఇచ్చినావిడో?"

"ఆమెనూ... కొన్నాళ్లకు వదిలేశాడు."

"ఏంటయ్యా, మీ దేశంలో వీరుడంటే వదిలేసేవాడా?"

 అవి నికాను చిన్నప్పటి నుంచి విన్న కథలే. ఆ ప్రశ్న ఎవరూ అడగగా అతడు వినలేదు.

అమావాస్యనాడు ఉదయం పోటు లేచింది. రెండు పాయలు కలిసే చోట కట్టడానికి చెట్టు లేదు. వదులుగా వదిలితే ప్రవాహం తాడును లాక్కుపోతుంది. రేవి దోనె దిగి, నడిమి బురదమేట మీద నిలబడి, తాడును రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుంది. నికాను దోనెతో దిబ్బకు వెళ్లాడు. మునుగుతున్న దిబ్బ మీది నుంచి నావికులు ఒకరి వెనుక ఒకరు తాడు పట్టుకుని, ఆమె చేతుల కిందుగా దాటిపోయారు. నీరు ఆమె గొంతుదాకా వచ్చింది. కాలు విరిగిన ముసలి చుక్కానివాణ్ని దోనెలో వేసుకుని నికాను ఆఖరున వచ్చాడు.

"నువ్వూ ఎక్కు" అన్నాడు.

"ఇద్దరికే చోటు. ముందు ఆ ముసలాయన్ని దింపు, పో."

ఒడ్డు చేరేసరికి మంచి కబురు ఎదురైంది. మరో యవన ఓడ వీళ్ల కోసం ఆగి ఉంది, ఈ ఆటుతోనే వెళ్లిపోతుంది. తోటివారు అతని చేయి పట్టుకుని లాగారు. "ఆ పిల్ల ఈ నీళ్లలోనే పుట్టింది, అదే వస్తుంది, రా" అన్నారు. అది నిజమే అనిపించింది. కాదనీ అనిపించింది. అతడు నాగడి వైపు చూశాడు.

"ఒకేచోట నిలబడితే బురద దిగలాగుద్ది బాబూ. అదింకా రాలేదంటే కాళ్లు దిగిపోయినట్టే. మళ్లీ పోటు వచ్చిందాకే దానికి గడువు" అన్నాడు నాగడు.

"మరి రేవి నాతో చెప్పలేదేం?"

"చెబితే నువ్వు దోనె కదిలించేవాడివా?"

నికాను చేయి విడిపించుకుని దోనె తిప్పాడు. అప్పటికే ఆటు వచ్చి నీరు తీసేసింది. నిన్న చేతికందిన తాడు ఇప్పుడు ఎక్కడో తలపైన కొమ్మల్లో ఉంది. దానికేసి చూస్తూ, బురదలో దోనెను ఈడ్చుకుంటూ వెళ్లాడు. రేవి నడుము దాకా దిగిపోయి ఉంది. చేతులు ఎత్తే ఉన్నాయి, తాడు చేతుల్లోనే ఉంది.

"అందరూ దాటేశారు కదా, ఇంకా ఎందుకు పట్టుకున్నావు?"

"నువ్వొచ్చే దారి ఇదే కదా."

"వస్తానని నీకు తెలుసా?"

"తెలీదు. దించితే మాత్రం నువ్వు రాలేవు."

మడ కొమ్మలు విరిచి పరిచి, అతడు ఆమెను బురద నుంచి లాగాడు. చేతులు మాత్రం కిందికి రాలేదు, కొయ్యబారిపోయాయి. నికాను వాటిని పట్టుకుని, మెల్లమెల్లగా, తానే దించాడు.

ఓడ ఒరిగిపోకుండా అడుగున వేసే బరువురాళ్లలో అన్నిటికన్నా పెద్దది ఒకటి ఆ పగిలిన ఓడలో దొరికింది. దాన్నే అతడు ఈ దిబ్బకు తెచ్చి, రేవి చేతులెత్తి నిలబడిన తీరునే అమ్మ రూపంగా చెక్కాడు. ఆ తరువాత అతడు ఇక్కడే కాపురం ఉన్నాడని ఒకరూ, మరుసటి ఏడు ఓడెక్కాడని ఒకరూ చెబుతారు. ఏది నిజమో అర్చకులకూ తెలియదు.

ఇప్పటికీ వేటకో, దూరదేశం పనికో వెళ్లేవారి కోసం ఇక్కడ మడ చెట్టుకు ఆల్చిప్పల గీతకు పైన తాడు కడతారు. కట్టినవారు తమ చేతులు తాము దించుకోకూడదు. ఎవరి కోసం కట్టారో వారు క్షేమంగా తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి మళ్లీ రావాలి. కట్టినవారు ఆ ముడి దగ్గర చేతులెత్తి నిలబడతారు. వచ్చినవారు ఆ చేతులు పట్టుకుని దించుతారు. తాడు కట్టిన రోజు మాత్రం పక్కన ఎవరుంటే వారే దించుతారు, దాన్ని తిరిగొచ్చినవారు తీర్చాల్సిన అప్పుగా చూస్తారు. తల్లి చేతులు దించిన కొడుకునూ, చెల్లెలి చేతులు దించిన అన్ననూ అమ్మ చల్లగా చూస్తుందని నమ్మకం. గుడిలో అమ్మ చేతులు దించేవారు ఎవరూ లేరు కనుక, అభిషేకం అయ్యాక భక్తులందరూ ఒక్కొక్కరుగా వెళ్లి ఆ రాతి మోచేతుల కింద కాసేపు తమ అరచేతులు ఆనించి వస్తారు.