దుబాసీ గోరింక, కుంటిచీమ దారి

కందిచేను అంచున, వాగుకు నాలుగడుగుల దూరంలో నల్లచీమల పుట్ట ఉండేది. ఒక ఉదయం ఎగువ నుంచి ఒక కప్ప గెంతుకుంటూ వచ్చి, సాయంత్రానికి వాగు పొంగి పుట్టను ముంచేస్తుందని చెప్పింది. తప్పించుకునే దారీ చెప్పింది. కానీ చెప్పిందంతా కప్పభాషలో. పుట్టలో చూస్తే వెయ్యి గుడ్లు! చీమలు బిక్కమొహాలు వేశాయి.

కందికొమ్మ మీదున్న, రెండు భాషలూ వచ్చిన గోరింక ఒకటి రెక్కలు దులుపుకుని దుబాసీగా దిగింది. "భయమెందుకర్రా, నేనున్నాగా! కప్పగారూ, ఒక్కో మాటే సెలవియ్యండి."

"గుడ్డెత్తుకో" అంది కప్ప. గోరింక దాన్ని మార్చి చీమ చెవిలో ఊదింది. చీమ ఎత్తుకుంది. "నల్లరాయి దగ్గర ఎడమకు తిరుగు." తిరిగింది. "గట్టెక్కు." ఎక్కింది. "తంగేడు మొదట్లో దించు." దించింది. చీమలన్నీ గోరింకకు జేజేలు కొట్టాయి.

రెండో గుడ్డుకు మళ్ళీ మొదటి నుంచీ అంతా చెప్పాలి. చీమలకు చెవిన పడ్డ మాట నిలవదు మరి, ముక్కుకు తగిలిన వాసనే నిలుస్తుంది.

ఇదంతా చూసి ముసలి కుంటిచీమ ముందుకొచ్చింది. "కప్పగారూ, మొత్తం ఒక్కసారి చెప్పండి. మీ భాష నాకూ కాస్త వచ్చు." చివరిదాకా వింది. పొట్ట నేలకు రాస్తూ, వాసన పూస్తూ బయల్దేరింది.

గోరింక పకపకా నవ్వింది. "తాతా, గుడ్డు మర్చిపోయావే!"

"దారయ్యాకే గుడ్లు, నాయనా."

"నువ్వు తిరిగొచ్చేలోగా నలభై దాటిస్తా, చూసుకో!"

"దాటించు, ఆపకు."

గోరింక అన్నంత పనీ చేసింది. మధ్యాహ్నానికి నలభై గుడ్లు గట్టు మీదున్నాయి. కుంటిచీమ చేర్చింది ఒక్కటీ లేదు. వాగు నీళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. "ఈ తాతను నమ్మి నా పిల్లల్ని నీళ్ళపాలు చేసుకుంటానా?" అని తల్లిచీమ గోలెత్తింది.

అంతలో కుంటిచీమ తిరిగొచ్చి, "ఇక పదండి" అంది.

ముందొక చీమ, వెనక పది, ఆ వెనక వందలు. నల్లరాయి దగ్గర అన్నీ తమంతట తామే ఎడమకు తిరిగాయి.

"ఆగండర్రా! తర్వాతి మాట వినండి!" అని గోరింక గొంతు చించుకుంది. వినేదెవరు? కప్ప కూడా అప్పటికే నిద్రపోయింది. చెప్పేవాళ్ళు లేరు, మార్చి చెప్పేవాళ్ళు లేరు, కప్ప మాట మాత్రం పొల్లుపోకుండా జరిగిపోతోంది. గోరింక ముక్కున వేలేసుకుందామంటే దాని వేళ్ళన్నీ కాళ్ళకే ఉన్నాయాయె. నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయింది.

నీళ్ళు పుట్టలోకి జొరబడేసరికి లోపల ఒక్క గుడ్డు లేదు.

"తాతా, ఏం మహిమ ఇది?" అంది గోరింక, తల వంచి.

"మహిమేముంది నాయనా! నువ్వు గుడ్డుగుడ్డుకూ మార్చి చెప్పావు. నేనొక్కసారే, వాసనగా మార్చాను."



నీతి: ఒక్కసారి చేసే పనికి దుబాసీ చాలు, వెయ్యిసార్లు చేసే పనికి మాటను ముందే దారిగా మార్చుకోవాలి; కంప్యూటర్లకు పని చెప్పేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది.