ఆ బంతి అందుకున్నవాడు

మనిషి బతికుండగానే వాడి మంచిచెడ్డలు తేల్చడానికి ఊరంతా కూర్చుంటే ఎట్లా ఉంటుందో ఓదెలుకు ఇరవై రెండేళ్లకే తెలిసొచ్చింది.

బొగ్గు గనుల ఊరది. అక్కడి పిల్లలు నడక నేర్చిన మరునాటి నుంచే బంతి తన్నుతారు. ఓదెలు డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ టీముకు కెప్టెన్. మైదానం నడుమ నిలబడి ఆడేవాడు. వెనక నుంచి వచ్చిన బంతి అతని కాలు తాకకుండా ముందుకు పోయేది కాదు. ఎవరికివ్వాలో, ఎప్పుడివ్వాలో తేల్చేది అతనే. గెలిస్తే ఓదెలు గెలిపించాడనేవారు, ఓడితే ఓదెలు ఓడగొట్టాడనేవారు. అతను రాకముందు ఆ కాలేజీ యూనివర్సిటీ పోటీల్లో మొదటి ఆటకే ఓడి ఇంటికొచ్చేది. అతనొచ్చాక ఏటేటా ఫైనల్ దాకా పోయింది. ఒక్కసారీ కప్పు తేలేదు.

ఇది అతనికి చివరి ఏడు. ఫైనల్లో ఆట ముగియబోతుండగా బంతి ఓదెలు కాలికి వచ్చింది. ఎదురుగా గోల్ కనిపిస్తోంది. కొట్టొచ్చు. కొట్టలేదు. చిన్నప్పటి నుంచీ తనతో ఆడే రాజలింగు కుడి పక్క నుంచి దూసుకొస్తుంటే అతనికి అందించాడు. రాజలింగు తన్నిన బంతి గోల్‌పోస్టు మీదుగా ఎగిరిపోయి జనంలో పడింది. ఆ వెంటనే విజిల్ మోగింది.

ఊళ్లో గొడవ అప్పుడు మొదలైంది. ఓదెలు వేసుకున్న ఎనిమిదో నంబరు జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వకుండా కాలేజీ హాల్లో అద్దాల పెట్టెలో పెట్టాలని పాత విద్యార్థులు కొందరు పట్టుబట్టారు. "కప్పు తేనోనికి అద్దాల పెట్టెనా?" అని ఇంకొందరు ఎగిరారు. చాయ్ హోటల్లో అదే మాట, మంగలి దుకాణంలో అదే మాట, షిఫ్టు దిగి ఇళ్లకు పోయేవాళ్ల నోళ్లలోనూ అదే మాట.

ఎవరు అడిగినా ఓదెలు ఒకటే చెప్పేవాడు.

"తప్పు నాదే. ఆ బంతి నేనే కొట్టాలె. రాజలింగుకు ఇచ్చుడు నా పొరపాటు."

విన్నవాళ్లు "సూసినవా, ఎంత పెద్ద మనసు!" అనుకునేవారు. పేపరు వాళ్లు కూడా ఆ మాటే వేశారు. అన్నకొద్దీ ఆ మాట ఓదెలు నోట్లో చప్పబడిపోయింది. రాత్రులు నిద్ర పట్టడం మానేసింది.

జెర్సీ సంగతి తేల్చడానికి కాలేజీలో మీటింగు పెట్టిన రోజున, అటు పోకుండా అతను గుట్టెక్కాడు. గుట్ట మీద చిన్న దర్గా ఉంది. దాన్ని కనిపెట్టుకొని కరీముల్లా షా ఉంటాడు. హిందువులూ తురకలూ అందరూ షా సాబ్ అనే పిలుస్తారు. ఓదెలు బడికి పోయే రోజుల నుంచీ గురువారం గురువారం వచ్చి వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, ఆయన కాళ్ల దగ్గర కూర్చొని పోయేవాడు. ఫైనల్ అయ్యాక రావడం అదే మొదలు.

షా సాబ్ గడప పక్కన కూర్చొని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"అలిసిపోయినట్టున్నవ్ బేటా."

"ఆడి కాదు షా సాబ్. ఆడినదాని గురించి విని విని."

ఓదెలు జరిగిందంతా చెప్పాడు. చెప్పి, కిందికి కనిపిస్తున్న కాలేజీ వైపు చెయ్యి చూపించాడు.

"ఇయ్యాల ఆడ తేలుస్తరట. వాళ్ల మాట నాకొద్దు. మీరొక్క మాట చెప్పుండ్రి. నేను మంచిగ ఆడినోన్నా, కాదా?"

షా సాబ్ రెండో మోకాలికి నూనె రాయడం మొదలుపెట్టాడు.

"తప్పు నాదేనని అందరి ముంగట ఒప్పుకున్న గద," అన్నాడు ఓదెలు. "అయినా మనసు నిమ్మళమైతలేదు."

"ఏమని ఒప్పుకున్నవ్?"

"ఆ బంతి నేనే కొట్టాలె, రాజలింగుకు ఇచ్చుడు పొరపాటని."

"ఆ పిలగాడు ఎట్లున్నడు?"

"ఎవరు?"

"బంతి అందుకున్నోడు."

ఓదెలు నోరు తెరిచాడు. ఫైనల్ నుంచి తిరిగొచ్చి బస్సు దిగినప్పుడు రాజలింగు తన సంచీ భుజానికేసుకొని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవడం గుర్తుంది. ఆ తర్వాత అతన్ని చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా ఇప్పుడే తట్టింది.

"తెల్వదు," అన్నాడు.

షా సాబ్ నూనె సీసాకు బిరడా పెట్టాడు. చేతులు తుడుచుకొని చెప్పుల కోసం కాలితో వెతికాడు. మోకాళ్ల నొప్పులతో ఆయన గుట్ట దిగి చాలా కాలమైంది.

"ఇల్లు ఎరుకేనా?"

"ఎరుకే."

"పా."

"మీరెందుకు సాబ్? కూసోండ్రి. నేను పోయి పిలుసుకొస్త."

"పిలిస్తే వచ్చేటట్టుంటే ఇన్నొద్దులు నీ కంట వడకుండ ఉండునా?"

ఎండ మండుతోంది. ఆయన ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ దిగాడు. కిందికొచ్చాక కల్వర్టు మీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు. దారిన పోయేవాళ్లు సలాం చేసి, ఓదెలు వైపు తిరిగి, "మీటింగుకు పోతలేవా? నీ ముచ్చటే గద!" అంటున్నారు. ఓదెలు తల వంచుకొని నడిచాడు.

కార్మికుల క్వార్టర్లలో ఆఖరి వరస రాజలింగు వాళ్లది. తల్లి నర్సవ్వ తలుపు తీసింది. ఓదెలును చూసి ఆమె మొహం ముడుచుకుంది. వెనక షా సాబ్ కనబడగానే కొంగు తల మీదికి లాక్కుంది.

"లోపట్నే ఉన్నడు సాబ్. నల్లా కాడికి నీళ్లకు గూడ పోతలేడు. సోలాపూర్ల మామ మగ్గాల కాడికి పోతనంటున్నడు. నిన్న ఆ ఆట బూట్లు పొయ్యిల పెట్టవోతే నేనే గుంజుకున్న."

రాజలింగు చాప మీద గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. షా సాబ్ గొంతు విని లేచి, ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చున్నాడు. ఓదెలు వైపు చూడలేదు. గడ్డం మాసిపోయింది.

ఏదో ఒకటి అనాలి గనక ఓదెలే ముందు అన్నాడు.

"లింగా, అందరికి చెప్తున్న. తప్పు నాదేనని."

"విన్న," అన్నాడు రాజలింగు. "పేపర్ల గూడ సదివిన."

కాసేపటికి మళ్లీ అతనే అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"ఊరంత తిట్టింది, పడ్డ. గోల్ తప్పిన, తిడ్తరు. నువ్వన్న మాటే మింగుడు పడ్తలేదు. నాకిచ్చుడే పొరపాటన్నవ్. చిన్నప్పటి సంది నాకిచ్చినవి గూడ పొరపాట్లేనా?"

ఓదెలుకు తనది పెద్ద మనసన్న వాళ్లంతా కళ్ల ముందు మెదిలారు. ఆ ఒక్క మాటను ఎక్కడెక్కడ అన్నాడో, ఎంత నెమ్మదిగా, ఎంత హుందాగా అన్నాడో గుర్తొచ్చింది. వేడి ఆవిరి తగిలినట్టు మొహం కాలింది.

షా సాబ్ మంచినీళ్లడిగాడు. నర్సవ్వ ఇస్తే గ్లాసెడూ తాగి, మూతి తుడుచుకున్నాడు.

"నాకు ఆట తెల్వదు. మీ విజిళ్లు గుట్ట మీదికి ఇనబడ్తయ్, అంతే. ఓదెలూ, ఈ పిలగాడు ఎట్ల ఆడ్తడో జెర చెప్పు."

ఓదెలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చున్నాడు. తన ఆట గురించి అడిగితే పొద్దు గుంకేదాకా చెప్పగలడు. ఇది అతన్ని ఎవరూ అడగలేదు.

"బంతి నా కాలికి రాకముందే ఉరుకుడు మొదలువెడ్తడు," అన్నాడు చివరికి. "యాడికి కొట్టాలెనో నేను అనుకునేసరికే ఆడ ఉంటడు. నేను తలెత్తి గూడ సూడ. సూసే పనే లేదు."

ఆగాడు. షా సాబ్ వింటూనే ఉన్నాడు.

"నిరుడు మడిమె వాచి బూటు పట్టలేదు. లేసు ఇప్పేసి, గుడ్డతోని కట్టుకొని ఆడిండు. ఆ దినం ఈని ఉరుకుడుకే ఎదుటోళ్లు ఇద్దరు ఈని ఎనుక పడ్డరు, నాకు తొవ్వ దొరికింది. గోల్ నేను కొట్టిన. జనం నన్ను ఎత్తుకున్నరు." ఓదెలు రాజలింగు మడమ వైపు చూశాడు. "ఈడు అప్పుడు యాడున్నడో నేను సూడనే లేదు."

"మొన్న?"

"మొన్న గూడ నేను సూడలే. అలవాటుగ ఇచ్చిన. ఆడ్నే ఉన్నడు."

"కొట్టుడే తప్పింది," అన్నాడు రాజలింగు నేలను చూస్తూ.

"తప్పింది," అన్నాడు ఓదెలు.

ఈ మాటకు రాజలింగు మొదటిసారి తలెత్తి అతని వైపు చూశాడు.

"అదే బంతి మళ్ల వస్తే?" అన్నాడు షా సాబ్.

ఓదెలు ఆయన వైపు తిరగలేదు.

"లింగనికే ఇస్త."

నర్సవ్వ గడపలో నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. రాజలింగు లేచి, షా సాబ్ తాగిన గ్లాసు కడిగి, కుండలో ముంచి, తెచ్చి ఓదెలు ముందు పెట్టాడు. ఓదెలు తాగాడు.

అంతలో బయట సైకిల్ ఆగింది. కాలేజీ ప్యూను వీరయ్య లోపలికి తొంగి చూసి, "గుట్ట కాడ ఎవరో చెప్తే ఈడికొచ్చిన. ప్రిన్సిపాల్ సారు నిన్ను తోల్కరమ్మన్నడు. అటు సగం మంది, ఇటు సగం మంది ఒకటే లొల్లి. నువ్వొచ్చి నాలుగు ముక్కలు చెప్తే తెగిపోతదంట," అన్నాడు.

"నేను చెప్పేది ఈడ అయిపోయింది వీరన్నా," అన్నాడు ఓదెలు. "నేను రాను. వాళ్లిష్టం."

వీరయ్య అందరి మొహాలూ చూసి, ఏమీ అర్థంకాక, సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

షా సాబ్ మెల్లగా మంచం మీద వాలి కళ్లు మూసుకున్నాడు.

"ఎండ సల్లబడ్డంక లేపుండ్రి," అన్నాడు. "ఇద్దరు పట్టుకుంటే గాని ఆ గుట్ట ఎక్కలేను."