ఇటుకంత బ్యాటరీ

కొల్లేరు పక్కన ఒక ఊళ్ళో రంగనాయకులు అనే ఎలక్ట్రిక్ షాపు యజమాని ఉండేవాడు. ఏ పనిలోనైనా సరే, వేగం తప్ప మరొకటి అతని కంటికి ఆనేది కాదు. అన్నం తినడంలో తొందర, మాట్లాడడంలో తొందర. ఆఖరికి ఎదుటివాళ్ళు నిదానంగా నవ్వినా విసుక్కునేవాడు.

ఆ ఊళ్ళో ఆదివారం సాయంత్రాలు రైసుమిల్లు ముందున్న సిమెంటు కళ్ళంలో రిమోట్ కార్ల పందేలు జరిగేవి. పిల్లల ఆట అనుకునేరు, ఆడేవాళ్ళంతా మీసాలు నెరిసిన పెద్దమనుషులే. పందెం అయిదు నిమిషాలు. రంగనాయకులు తన కారుకు అరచేతిలో ఇమిడే బ్యాటరీ వేసేవాడు. దానికి ఓల్టులు ఎక్కువ, బరువు తక్కువ. ఆరో నిమిషానికి అది కాస్తా ఖాళీ అయిపోయేది.

"పందెమే అయిదు నిమిషాలైతే, ఆరో నిమిషం బరువు నా కారెందుకు మొయ్యాలి?" అనేవాడు. గెలుపు ఎప్పుడూ అతనిదే.

ఆఖరి స్థానం ఎప్పుడూ యోహాను మాస్టారిది. ఆయన రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన కారులో పాతరకం బ్యాటరీ ఉండేది. దానికి ఓల్టులు తక్కువ, బరువు మాత్రం ఇటుకంత. మిగతావాళ్ళు కార్లు సర్దుకుని ఇళ్ళకు పోతున్నా ఆయన కారు ఇంకా కళ్ళం చుట్టూ తిరుగుతూనే ఉండేది.

"మాస్టారండీ, అందులో బ్యాటరీ వేశారా, రుబ్బురోలు వేశారా?" అని రంగనాయకులు అందరి ముందూ ఆటపట్టించేవాడు.

"రుబ్బురోలే అనుకోండి. తీరిగ్గా రుబ్బుతుంది" అని మాస్టారు నవ్వేసేవారు.

ఒక రోజు మధ్యాహ్నం రంగనాయకులు అక్క సూర్యావతి రొయ్యల చెరువుకు కరెంటు పోయింది. చెరువు రైలుకట్టకు అవతల ఉంది, ట్రాన్స్‌ఫార్మరు ఇవతల ఉంది. కట్ట కింద అడుగు వెడల్పు సిమెంటు గొట్టంలోంచి వెళ్ళే కరెంటు తీగ కాలిపోయింది. రెండు వైపుల నుంచీ లాగితే ముక్కలుగా బయటికొచ్చింది. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఆగిపోయాయి. ఆ రోజు అసలే మబ్బు పట్టి, ఎండ లేక నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి ఉంది. చీకటి పడేలోగా అవి మళ్ళీ తిరగకపోతే రొయ్యలన్నీ ఊపిరాడక చచ్చిపోతాయి. సూర్యావతి నాలుగు నెలలు కంటికి రెప్పలా కాపాడుకున్న పంట అది. ఇంకో వారంలో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. అద్దెకు జనరేటరు ఎక్కడా దొరకలేదు. రైలుకట్టను తవ్వడానికి వీల్లేదు. వెదురు గెడ దూర్చి చూస్తే మధ్యలో వంపు దగ్గర ఆగిపోయింది.

అప్పుడు రంగనాయకులుకు ఒక ఉపాయం తట్టింది. "నా కారుకు నైలాన్ దారం కట్టి గొట్టంలోకి పంపిస్తాను. దారంతో తాడు, తాడుతో కొత్త తీగ లాగుదాం. క్షణంలో పని!" అన్నాడు. ఉపాయం మంచిదే, కాదనకూడదు.

కారు రివ్వున గొట్టంలోకి దూసుకుపోయింది. వంపు దగ్గర అడుసు ఉంది. చక్రాలు అందులో గిర్రున తిరిగాయి గాని కారు జానెడైనా కదలలేదు. రంగనాయకులు మీటను ఇంకా గట్టిగా నొక్కాడు. అయిదో నిమిషంలో లోపల చప్పుడు ఆగిపోయింది. దారం పట్టి కారును వెనక్కి లాగాడు. మరో తేలిక బ్యాటరీ వేసి పంపాడు. సరిగ్గా అక్కడే అదీ ఆగిపోయింది.

అవతలి గట్టు నుంచి సూర్యావతి ఫోన్ చేసింది. "తమ్ముడూ, రొయ్యలు నీళ్ళపైకి తేలుతున్నాయిరా!" అంది.

ఇంతలో సంగతి తెలిసి యోహాను మాస్టారు సైకిలు మీద వచ్చారు. గుడ్డసంచిలోంచి ఆ ఇటుకంత బ్యాటరీ తీశారు. "మీ కారు మంచిదండి. నా కారుకు టైర్లు అరిగిపోయాయి, ఈ పనికి రాదు. బ్యాటరీ మటుకు నాది పెట్టండి" అన్నారు.

"ఇంత బరువు పెడితే కదులుతుందా మాస్టారండీ?"

"బరువుంటేనే చక్రం అడుసులో దిగి అడుగును పట్టుకుంటుంది. ఓల్టులు తక్కువ కాబట్టి జారిపోయేంత జోరుగా తిరగదు. పైగా ఇది చాలాసేపు వస్తుంది. ఒక్కటే మాటండి, మీట మెల్లగా నొక్కాలి."

లోపల చోటు చాలక బ్యాటరీని కారు పైన పెట్టి టేపుతో కట్టారు. కారు బయలుదేరింది. అదే కారు, అవే చక్రాలు! కానీ ఇప్పుడు దాని నడకే వేరు. దారపు కండె ఒక్కో చుట్టే విప్పుకుంటోంది. రంగనాయకులు వేలు గట్టిగా నొక్కాలని తహతహలాడింది. పళ్ళ బిగువున ఆపుకున్నాడు. వంపు వచ్చింది. కండె ఆగింది. కండె మళ్ళీ కదిలింది.

అప్పుడే కట్ట మీద గూడ్సు బండి వచ్చింది. వందల టన్నుల బరువు నెత్తిమీద దడదడలాడుతూ పోతోంది. నేల కంపించింది. ఆ రైలు కింద చీకటి గొట్టంలో చెప్పు జోడంత కారు ఒకటి దారం లాక్కుంటూ తన దారిన తాను పోతోంది. నేనూ ఇవతలి గట్టు మీదే ఉన్నాను. ఆ కండె తిరగడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మా కళ్ళను మేమే నమ్మలేకపోయాం.

ఇరవయ్యో నిమిషంలో అవతల సూర్యావతి కేక పెట్టింది. "కారు దీపాలు కనిపిస్తున్నాయి! వచ్చేసింది తమ్ముడూ, వచ్చేసింది!" ఆమె కారును రెండు చేతులా ఎత్తుకుంది. ఇవతల రంగనాయకులు మీట మీది వేలు తీయడం మరిచిపోయాడు. ఒళ్ళంతా అడుసైన ఆ కారు చక్రాలు ఆమె చేతుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

దారం వెంట తాడు, తాడు వెంట తీగ వెళ్ళాయి. మసక చీకటి పడే వేళకు ఏరియేటర్లు నీళ్ళను చిలకడం మొదలుపెట్టాయి. తేలిన రొయ్యలు మెల్లగా అడుగుకు దిగిపోయాయి.

రంగనాయకులు కళ్ళు తుడుచుకుని మాస్టారి చేతులు పట్టుకున్నాడు. "ఆ రుబ్బురోలు మాట మరిచిపోండి మాస్టారండీ" అన్నాడు.

"ఎందుకండీ? తీరిగ్గా రుబ్బిందిగా!" అన్నారు మాస్టారు.

కనుక ఇది గుర్తుంచుకోవాలి: మొదట్లో కనిపించే జోరుకు మురిసిపోకుండా, పని ముగిసేదాకా నిలిచే బలాన్నే ఎంచుకోవాలి.