రాజుగారి చిగుళ్లూ, భట్టుగారి నాడీశాస్త్రమూ

రాజుగారు ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. ఆయన మేడమెట్లు ఎక్కలేకపోతున్నారు. సగంలో ఆగిపోయి, గోడమీది బొమ్మల్ని మెచ్చుకుంటున్నట్టు నటించేవారు. చిత్రగిరి ప్రభువు వీరభూపతికి ‘కళాహృదయుడు’ అన్న బిరుదు అలా వచ్చిందే.

ఒకరోజు ఆ కళాహృదయం మెట్లమీదే కూలబడింది.

రాజవైద్యుడు నారసింహభట్టు పరుగున వచ్చి, నాడి పట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు గొప్పగా కనిపించాడు.

“రక్తనాళాలు బిగుసుకున్నాయి ప్రభూ! ఇది వంటవాడు పేరయ్య పనే. కూరల్లో ఏదో కలుపుతున్నాడు.”

ఏం కలుపుతున్నాడో చెప్పలేదు. అంత మహాపండితుడికి అలాంటి చిన్న వివరాలెందుకు?

“పేరయ్యకి ఉరి!” అన్నారు రాజుగారు, రొప్పుతూనే.

మర్నాడు సభలో పేరయ్యని చేతులు కట్టి నిలబెట్టారు. పాపం, గరిటె పట్టిన చేతులు.

రాజుగారికి తాంబూలం అందించే కోనమ్మ ముందుకొచ్చింది. ఆవిడ నోటికి జడిసి మంత్రిగారే పక్కదారిన పోతుంటారు.

“ఉరి ఎక్కడికీ పారిపోదు మహారాజా. ముందు తాంబూలం వేసుకోండి. మంత్రిగారూ, భట్టుగారూ, మీరూ.”

రాజు పళ్లెంలోని ఆకుని కాదనే ధైర్యం ఎవరికుంది? ముగ్గురూ నమిలారు. ముగ్గురూ ఎవరి తమ్మపడిగలో వాళ్లు ఉమ్మారు.

మంత్రిదీ భట్టుదీ వెలవెలబోతూ ఉంది. రాజుగారిది చిక్కటి ఎరుపు.

“ఆహా! ప్రభువుల నోరు ఎంత బాగా పండిందో!” అన్నాడు భట్టు. ఏడాదిగా ఆ మాట అంటూనే ఉన్నాడు. సభంతా తలలూపింది. తలలూపడం వాళ్ల కొలువు మరి.

కోనమ్మ నవ్వింది.

“ఇవాళ ఎవరి ఆకుకీ సున్నం రాయలేదండీ.”

సున్నం లేకుండా నోరెలా పండుతుంది? రాజుగారు వేలితో చిగురు తాకి చూసుకున్నారు. వేలికి నెత్తురంటింది.

“చిగుళ్ల జబ్బా?” భట్టు మూతి విరిచాడు. “అది పళ్లు పీకేవాడి పని. నేను రక్తనాళాల వైద్యుణ్ణి. నాళాలకీ చిగుళ్లకీ ఏమిటే సంబంధం?”

“అయితే ఆ చిగుళ్లలోకి నెత్తురు ఏ పొరుగు రాజ్యం నుంచి వస్తోందండీ?”

సభ గొల్లుమంది. తలలూపడం మరిచిపోయి మరీ నవ్వింది.

“చిగుళ్లు బాగుచేస్తే ఈ ఆయాసం పోతుందంటావా?” రాజుగారు అడిగారు.

“పోతుందని పూచీ పడలేను ప్రభూ, నేను భట్టుగారిని కాను కదా! కానీ పుళ్లలోని విషం రోజూ నెత్తురులోకి దిగుతుంటే నాళాలు మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? ముందు అది ఆపించండి. వాటికి కాస్త తెరిపి దొరుకుతుంది. మా పేరయ్య కూరలు చేసుకుంటాడు.”

రాజుగారు ఫక్కున నవ్వారు. పేరయ్య కట్లు విప్పించి, తన చేతి కడియం తీసి కోనమ్మకి ఇచ్చారు. తర్వాత భట్టువైపు తిరిగి, సింహాసనంమీద వెనక్కి వాలి, సింహంలా నోరు తెరిచారు.

“రండి భట్టుగారూ. రక్తనాళాల వైద్యం ఇక్కడే మొదలుపెట్టండి.”